బూడిద బావ తెల్లగోడ

ఏ రంగు వేయిద్దామని నన్నడుగుతావేంట్రా మనవడా, ఏదీ, ఆ రంగుల కార్డు ఇటు తే. అబ్బో, ఎన్ని పేర్లో. మా బావ అయితే కార్డు చూడకుండానే చెప్పేవాడు, "బూడిద రంగు వేసెయ్" అని. మా అక్క మొగుడు, గోడలకి రంగులేసేవాడు. బూడిద బావ అనేవాళ్లందరూ, అదేదో బిరుదైనట్టు మురిసిపోయేవాడు. అప్పట్లో ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే. తెల్లగోడ వారం తిరక్కుండా నల్లబడేది. ఈయనగారేం చేశాడూ, తెలుపులో నలుపు కలిపి, మురికయ్యాక గోడ ఎలా ఉంటుందో ముందే అలా వేసేశాడు. "ఇక మసి పడ్డా కనపడదమ్మా" అనేసరికి జనం ఎగబడ్డారు. నా ఇంటికీ అదే, నేనేం తక్కువ తిన్నానా. ఊరు పెరిగింది, పొగగొట్టాలు మూడయ్యాయి, కొత్త వీధులన్నిటికీ అదే రంగు. బావ నేల మీద నడవడం మానేశాడు.

ఎక్కడున్నాను? ఆఁ, అక్క. అక్కకి ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోయేది. పొగే కారణమన్నాడు డాక్టరు. అప్పుడొచ్చింది బావకి తెలివి. గొట్టాలకి ఫిల్టర్లు పెట్టించమని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించాడు. "మసికి మా గోడలు నల్లబడుతున్నాయి" అని అర్జీలో రాసింది నేనే, నాకు చేతిదురద కదా. ఆఫీసరొచ్చాడు. వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి చూశాడు. "అన్నీ ఒకే రంగులో ఉన్నాయి, నల్లబడిందెక్కడయ్యా?" బావ గోడ మీద వేలు రాసి చూపించాడు, "ఇదిగో సార్ మసి." ఆయన ముక్కు చిట్లించి, "నీ రంగు నాసిరకంలా ఉందే, చేతికంటుకుంటోంది" అన్నాడు. బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా రంగు అంటుకోదు సార్, ఇది మసి." "మసయితే గోడ రంగు మారాలిగా?" ఇంకేముంది, బావ ఆ వేలు లుంగీకి తుడుచుకున్నాడు. అక్క గుమ్మంలో దగ్గుతూ అంతా వింటోంది. ఫిర్యాదులో పస లేదని రాసుకుని వెళ్లిపోయాడాయన. అక్క మరో చలికాలం చూడలేదు.

తర్వాత బావ తన ఇంటి ముందుగోడకి తెలుపేయడం మొదలెట్టాడు. వారానికో పట్టీ, పాతది నల్లబడుతుంటే పక్కనే కొత్తది. ఆఫీసరొస్తే చూపిస్తాడట. "అక్కే పోయాక ఎవరి కోసం బావా?" అంటే, "రానీ, చూడనీ" అనేవాడు. ఏళ్లు గడిచాయి, ఎవరొస్తారు? వీధిలో వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన పోయాక చూడ్డానికి అసహ్యంగా ఉందని ఆ గోడకి బూడిద రంగు కొట్టించిందీ నేనే. ఒక్క పూటలో అయిపోయింది.

ఏదో ఒకటి వేయించులేరా. ఆ కిటికీ మూసెయ్, అన్నం చల్లారిపోతోంది.