లెటర్‌హెడ్ మీద పడవ

బోగోలు డీటీపీ షాపులో టైపు చేసే అతని పక్కనే, చేపలు పట్టేవాళ్ల సంఘం ప్రెసిడెంటమ్మ సంఘం లెటర్‌హెడ్ మీద అర్జీ కొట్టించడానికి నిలబడి ఉంది.

"ఫోన్ నంబరు కలిపితే పడవ బొమ్మ రెండో పేజీకి దూకతా ఉందక్కా. ఐదోసారి సర్దినాను."

"సర్దినావులే. ఇప్పుడు పడవని ఎడమపక్కకి తిప్పు."

"కుడి అంటే తూర్పు, మన పడవ సముద్రంలోకే పోతా ఉండాలని పోయినసారి మీరే గదా తిట్టినారు?"

"తిట్టినాను. తిప్పు."

"తిప్పితే పడవ మీద పేరు అద్దంలో చూసినట్టు తిరగబడతాది."

"పడనీ."

"సరే, అర్జీలో ఏం రాయాలో అదన్నా చెప్పండి."

"వేటకి పోయిన మా తమ్ముడి పడవ నాలుగు రోజులుగా రాలేదు, వెతికించమని కలెక్టరుకి రాయి. ఆ కాగితం మీద కూడా పడవని సముద్రంలోకే పంపమంటావా?"