రెండు ఖండాల రబ్బరు రింగు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను," అంటూ గాలిపంపు బావ టీ కొట్టు బల్ల సగం ఆక్రమించాడు. నీళ్ల మోటార్లు చేసే ఫ్యాక్టరీలో ఆయన పర్చేజ్ ఆఫీసరు. గాలిపంపు అని పేరు పెట్టింది ఫిట్టర్లు, వాళ్లలో ఒకడు సొంత బామ్మర్దే.

గేటు ఎదురుగా ఈమధ్యే వెలిసిన కొట్టు అది. టీ బాగానే ఉంది గానీ బామ్మర్ది గ్లాసు పక్కన పెట్టి గేటు వైపే చూస్తున్నాడు. మోటారులోకి నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు రింగులు అయిపోయి లైను ఆగిపోయింది. సాయంత్రంలోగా సరుకు రాకపోతే, మళ్లీ కబురు పెట్టేదాకా ఫిట్టర్లెవరూ పనికి రానక్కర్లేదని చెప్పేశారు.

"రింగులు వస్తున్నాయా బావా? ముందు అది చెప్పు."

"వస్తున్నాయా ఏమిట్రా, తోలుకొస్తున్నా! ఓడ తుఫానులో చిక్కుకుందని ఫోనొచ్చింది. కెప్టెన్ని లైన్లోకి తీసుకున్నా. పాపం, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. 'ఊరుకో నాయనా, చుక్కాని కాస్త ఎడమకి తిప్పు' అన్నా, మా ఇంట్లో అన్నం కలుపుకుంటూనే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఓడ తిరిగింది," అన్నాడు పక్కనున్న లారీ డ్రైవరు.

"తుఫాను తిరిగింది! నా గొంతు విని వచ్చిన దారినే పోయింది. ఈలోగా ఓడలో ఆయిలైపోయిందా, పక్కనుంచి ఓ తిమింగలం పోతోందా... ఫోను దాని చెవి దగ్గర పెట్టమన్నా. బేరమాడా."

"తిమింగలంతోనా?"

"మరి? కొటేషన్ లేకుండా నేనెవరికీ పనివ్వను. మొదటిది రేటెక్కువ చెప్పింది, రెండోదాన్ని పిలిపించా. రెండూ పోటీలు పడి లాగుతుంటే ఆ ఊపుకి సముద్రం పక్క దేశంలోకి ఒలికిపోయిందంటే నమ్ము!"

డ్రైవరు తెరిచిన నోరు మూయలేదు. బామ్మర్ది బావ దగ్గరికి జరిగాడు. "ఒకవేళ ఆ ఓడ రాకపోతే?"

"అక్కడే ఉందిరా నా తెలివి! ఒక్కడినే నమ్ముకుంటే కొంప మునుగుతుందని ఇప్పుడు లోకమంతా అంటోంది. అందుకే మన వెనక సందులో షెడ్డుకి ఆర్డరు కోసేసి, ఈ ఖండంలో ఓ కంపెనీని, ఆ ఖండంలో ఓ కంపెనీని పెట్టా. ఒకటి మునిగితే ఇంకోటి తేలుతుంది."

కొట్టావిడ కెటిల్ పైకెత్తింది. దాని కింద ఇనుప దిమ్మ, దిమ్మ నిండా గుండ్రటి గాడులు. బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు.

"అక్కా, ఇది మా రింగుల అచ్చు కదూ?"

"మీదే తమ్ముడూ. ఆ షెడ్డు నాదే. సారు ఆర్డరు కోసేశాక ఆ రెండు కంపెనీలూ నా దగ్గరికే వచ్చాయి. ఇక్కడ ఒత్తిన రింగులే ఓడెక్కి, ఊళ్లు తిరిగి, కొత్త డబ్బాల్లో మీ గేటుకొచ్చేవి. ఎక్కడ తయారవుతాయని సారు ఒక్కసారైనా అడిగితేగా! ఇద్దరూ పోటీపడి నాకిచ్చే రేటు కోస్తుంటే విసిగిపోయి షెడ్డుకి తాళం వేసేశా."

బావ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "అదేమిటి! సరుకు ఓడెక్కించామని ఇద్దరూ చెప్పారే!"

"ఏం ఎక్కిస్తారు సారూ? నేను ఒత్తితే కదా!"

 బావ గొంతు అంత సన్నగా రావడం బామ్మర్ది ఎప్పుడూ వినలేదు. "అమ్మా, అచ్చుందిగా... ఇప్పటికిప్పుడు కాసిని ఒత్తిపెట్టు."

"అచ్చుంది సారూ. ఒత్తే మెషీన్నే పాత ఇనుము కింద అమ్మేశాను. అదీ ఏదో ఓడెక్కిందట. మీ తిమింగలాలకి ఓసారి ఫోన్ చేయండి."

 ఎదురుగా సాయంత్రం సైరను మోగి ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది. ఫిట్టర్లు క్యారేజీలు పట్టుకుని ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు.