బడి జాగా మీద నాలుగు మాటలు

అలగ గోడవైపు తిరిగి తొంగుంటే ఏటౌతాది మావా? ఆ గోడేటైనా నాకు ఓటేసిందా? ఇటు తిరుగు. గెంజి సల్లారిపోతంది. ఊఁ... ఊఁ... నోరిప్పకు! డాక్టరు ఏటి సెప్పినాడు? గుసగుసలు కూడా ఆడొద్దన్నాడు. పదిహేను రోజులు మూగోడిలాగుండు, నేకపోతే జన్మంతా మూగోడివే అన్నాడా నేదా? తలూపు, సాలు.

నెత్తి మీద ఈ ఎరుపేటని సూస్తన్నావా? రంగు. నెగ్గినాను మావా! నీ పెళ్ళాం కాసులమ్మ ఇయాల్టి నుంచి కార్పొరేషను కౌన్సిలరు. ఓలమ్మో! సందు మొగలో నన్ను నిలబెట్టి గంపెడు రంగు గుమ్మరించీసినారు. సెవుల్లోకి కూడా ఎల్లిపోనాది. ఈ కోక ఇంక పనికిరాదు.

ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగోళ్ళ పేటంతా గెంతులేస్తంది. నీ మొకం సూస్తే ఆముదం తాగినట్టుంది.

నాకు తెలుసులే. ఆ పక్కింటి బంగారయ్య వొచ్చి నీ సెవిలో ఊదీసినాడు. ‘ఓరి పోలిరాజూ, నీ పెళ్ళాం మీటింగులో నీ కొంప ముంచీసిందిరా’ అని. ఆడు సెప్పీసి ఆడి దారిన ఆడు పోనాడు, నువ్వు మొకం తిప్పీసుకున్నావు. అడుగుదామంటే నీకు గొంతు నేదు, సెప్పుదామంటే నాకు తీరిక నేదు. ఇన్ని రోజులూ కూడొండి పడీసినానా, మళ్ళీ సందుసందునా దండాలెట్టడానికి పోనానా! ఇయాల్టితో ఆ గోలైపోనాది. లేసి కూకో. అంతా నేనే సెప్తాను.

అసలీ కుర్సీ నేనడిగిందేటి? ఇన్నేళ్ళు ఓడల డాకులో యూనియను జెండా మోసినోడివి, ఈసారి సీటు నీదేనని నువ్వనుకున్నావు, నేననుకున్నాను, ఊరనుకుంది. తీరా సూస్తే మన వార్డు ఆడోళ్ళకి పెట్టీసినారు. పార్టీ ఆఫీసు పెద్ద హల్దార్ దాదా మనింటికొచ్చి, ఇదే మంచం మీద కూకొని, చాయ్ తాగీసి ఏటన్నాడు? ‘దీనికింత బెంగెందుకు పోలిరాజు, బౌది పేరు రాసేద్దాం, పని నువ్వు చెయ్యి’ అన్నాడు. బౌదంట! వొదినంట! ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి నా మొకంకేసి సూసినోడు కాడు, ఆ పూట నేను వొదిన్నైపోనాను.

మరి నువ్వేటన్నావు? ‘దానికేటీ తెల్దు దాదా, దండం మాత్రం బాగా పెడతాది’ అన్నావు. అన్నావా నేదా? అదిగో, సూపులు దించీసుకుంటన్నావు! నేనేటీ అనుకోనేదు మావా. నేనూ నవ్వీసినాను. నిజమే గదా మరి.

గార్డెన్ రీచ్ రోడ్డు పొడుగునా గోడల మీద నా పేరు రాసినారు. గుమ్మడికాయలంతేసి అచ్చరాలు. బెంగాలీలో! నా పేరే, నేనే సదవలేను. ఏది పేరో, ఏది గుర్తో తెలవక మొత్తం గోడకే దండమెట్టుకుంటూ పోనాను.

నువ్వేమో మైకు పాడైపోతే బాగుసేసీదాకా ఆగనేదు. రిక్షా మీద నిలబడి ఖిదిర్‌పూర్ నుంచి ఏక్‌బాల్‌పూర్ దాకా ఒకటే అరుపు. ‘కాసులమ్మకే మీ ఓటు! కాసులమ్మకే మీ ఓటు!’ పెళ్ళైన కాడ్నుంచీ నా పేరెట్టి ఎన్నిసార్లు పిలిసినావు మావా? ‘ఒలే’ తప్ప ఇంకో మాట విన్నానా నేను? ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి, నీ నోటెంట నా పేరు ఇనుకుంటూ, పొయ్యి మీద కూర మాడబెట్టీసినాను.

మీటింగు రోజు పొద్దున్న లేసీసరికి నీ గొంతు తుస్సు! కాకి నయం.

ఆ సాయంత్రమే మన తెలుగు బడి పక్క ఖాళీ జాగాలో మీటింగు. హల్దార్ దాదా తల పట్టుకున్నాడు. ఆకరికి నన్ను పిలిసి, ‘బౌదీ, నాలుగంటే నాలుగు మాటలు. కంఠతా పట్టెయ్, చెప్పెయ్, దిగిపో’ అన్నాడు. నా బెంగాలీ నీకు తెలుసు గదా, సేపల బజారు బెంగాలీ. బేరానికి బాగుంటాది, ఉపన్యాసానికేటి పనికొస్తాది? అందుకని మన బడి టీచరు డోర్కాసమ్మగారికి అప్పజెప్పినాడు నన్ను.

పాపం ఆవిడ, ఆ రేకుల బడిలో నన్ను ఒకటో తరగతి గుంటలాగ కూకోబెట్టి వల్లె వేయించింది. ఈ ఖాళీ జాగాలో నాలుగంతస్తుల మేడ లేస్తాదని ఒకటి. జాగా అంచునున్న గుడిసెలోళ్ళకి ఊరవతల ఇళ్ళిస్తారని రెండోది. తెలుగు బడిని పెద్దరోడ్డు అవతలున్న పెద్ద బడిలో కలిపేస్తారని మూడోది. నాలుగోది మామూలే, ఓటెయ్యండని.

మూడోది సెప్పించినప్పుడు ఆవిడ నాకేసి సూడకుండా బోర్డు తుడుస్తా నిలబడింది. నేను పట్టించుకోనేదు. నాకెంతసేపూ మాట తప్పిపోతానేమోనన్న బెంగే. తరవాత తట్టింది నాకు. ఆవిడ బడి మూసేస్తామన్న మాట ఆవిడ సేతే నాకు నేర్పించినాడు సూడు ఆ మహానుబావుడు!

సరే, ఎక్కినాను. నాలుగు మాటలూ లోపల్లోపల మళ్ళీ అప్పజెప్పుకున్నాను. ఎదురుగా మన జనం. కుర్సీలు సాలక బడి బెంచీలు అట్టుకొచ్చి ఏసినారు. సిన్నగుంటల బెంచీలు మావా! డాకులో మూటలు మోసీ ఇంతేసి మగోళ్ళు వాటి మీద మోకాళ్ళు గెడ్డాలకి ఆనించుకొని కూకున్నారు. అది సూసీసరికి నవ్వొచ్చీసింది. భయం పోనాది.

మొదటి మాట బాగానే సెప్పీసినాను. నాలుగంతస్తుల మేడ లేస్తాదని. ఇంతలో ఆ సివరి గుడిసె తవిటమ్మ లేదూ, ఆ పళ్ళు నేని ముసిల్ది, అది లేసి నడుం మీద సెయ్యేసుకొని, ‘ఒలే కాసులమ్మా! ఆ మేడలో నీకో గదిస్తన్నారటగదే! మరి నాకేటిస్తారే, గాడిదగుడ్డా?’ అంది.

జనం గొల్లుమన్నారు.

మనం రహస్యమనుకున్నాం మావా. మేడ కట్టే ప్రమోటరు నీకు మాటిచ్చినాడు, మేడ మీద ఒక గదీ, ఒక వొంటిల్లూ మనకని. నీకూ నాకూ హల్దార్ దాదాకీ తప్ప తెల్దనుకున్నాం. ఈ పేటలో మన పులుసు ఉడుకుతుంటే పక్కింటోళ్ళు ఉప్పెంతేసినామో సెప్తారు. గది దాగుతాదా?

కాదని బొంకొచ్చు. నోటికి రానేదు. ‘అవునే, ఇస్తానన్నారు’ అనీసినాను.

ఎనకనుంచి హల్దార్ దాదా నా కొంగట్టుకు లాగుతన్నాడు. ‘రెండోది బౌదీ, రెండోది చెప్పు’ అని. ఆ రెండోది ఎవులికి సెప్పాల? ఆ తవిటమ్మకే. దాని గుడిసే గదా ముందు పీకీది. దాని మొకం సూస్తూ ‘నిన్ను ఊరవతలకి తోసేస్తామే ముసిల్దానా’ అని ఎలాగనమంటావు? అదీ బెంగాలీలో!

అంతే. ఆ నాలుగు మాటలూ ఎటు పోనాయో పోనాయి. తెలుగో, బెంగాలీయో, హిందీయో, నాకే తెల్దు, ఏది ముందొస్తే అది మాటాడీసినాను.

ఏటన్నానంటే... ‘ఇది మా గుంటలు ఆడుకునే జాగా. పెళ్ళి పందిరేసినా ఈడే, సచ్చినోణ్ణి దించినా ఈడే, కోకలారేసినా ఈడే. దీని మీద మేడెందుకు? కాలవ పక్కన కూలిపోయిన పాత గొడౌనుంది, అందులో పావురాలు కాపరం సేస్తన్నాయి. అక్కడ కట్టుకోండి మీ మేడ. గుడిసెలోళ్ళు ఊరవతల్నుంచి తెల్లారి డ్యూటీకెలాగొస్తారు, ఎగిరొస్తారేటి? ఉన్నకాడే పక్కా గదులెయ్యండి, కుళాయిలియ్యండి, మరుగుదొడ్లు కట్టించండి. బడి ఎక్కడికీ ఎల్లదు. డాకు లారీలు తిరిగే ఆ రోడ్డు మేమే పేనాలు సేతబట్టుకొని దాటుతాం, గుంటలెలాగ దాటుతారు? ఆళ్ళకి నాలుగు తెలుగచ్చరాలు నేర్పతున్నది ఈ బడొక్కటే. రేకులు పీకీసి స్లాబెయ్యండి!’

‘మరి నీ గదే?’ అంది తవిటమ్మ. వొదల్దు గదా అది!

‘నాకొద్దు గది!’ అనీసినాను.

ఓరి నాయనో, ఏటి సప్పట్లు మావా! నీ గొంతు కూడా ఆ సప్పట్లలో వినపడకపోను. అందరూ ఒక్కసారి లేసీసరికి రెండు బెంచీలు పటుక్కుమని ఇరిగిపోనాయి. డోర్కాసమ్మగారు కళ్ళజోడు తీసి తుడుసుకుంటంది. బంగారయ్య మాత్రం లేసి నీకాడికి పరిగెత్తినాడు. ఆడు సప్పట్లు మాని మరీ వొచ్చినాడు నీకు మోసుకొచ్చి సెప్పడానికి.

మర్నాడు పొద్దున్నే పార్టీ ఆఫీసుకి రమ్మన్నారు. ఎల్లినాను. చాయ్ నేదు, కూకోమన్న మాట నేదు. హల్దార్ దాదా బల్ల మీద ఏళ్ళతో దరువేస్తన్నాడు. ‘బౌదీ, నిన్న తప్పుగా అనేశానని ఇయాల మీటింగులో చెప్పు’ అన్నాడు.

‘సెప్తాను దాదా’ అన్నాను. నాకేటి భయం! ‘కానీ పేటలో ఆడోళ్ళంతా మా గుమ్మం ముందు బిందెలు దించి, మాట తప్పితే ఓటు నేదని కూకున్నారు. ఆళ్ళని ఓటెయ్యమని తవరెల్లి అడుగుతారా?’ అన్నాను.

దరువాగిపోనాది. అప్పుడే ఎవులో రొప్పుకుంటూ వొచ్చి సెప్పినారు, అవతలి పార్టీవోళ్ళు రిక్షా కట్టుకొని ‘ఖాళీ జాగా కాపాడేది మేమే’ అని తిరుగుతన్నారని. అంతే, హల్దార్ దాదా కుర్సీలోంచి ఎగిరి పడ్డాడు!

ఆ సాయంత్రం ఆయన ఉపన్యాసం నువ్వినాల్సింది మావా. ‘ఈ జాగా కోసం, ఈ బడి కోసం, మా పార్టీ మొదట్నుంచీ పోరాడుతోంది!’ అని గుండె బాదుకున్నాడు. మొదట్నుంచంట! నిన్నట్నుంచి. పక్కన నిలబడి నేను దండమెట్టినాను. బాగా పెడతాను గదా!

ప్రమోటరు మాత్రం కారెక్కి ఎల్లిపోనాడు. ఆడితోపాటే మన గదీ ఎల్లిపోనాది.

నెగ్గడమైతే నెగ్గినాను గానీ, స్లాబు రేపే పడిపోదు. కార్పొరేషనంటే ఎన్ని సెప్పులరగాలో! ఇయాల ఓట్ల లెక్క అయిపోయాక కూడా హల్దార్ దాదా నవ్వుతూనే ఏటన్నాడో తెలుసా? ‘ఇంక పోలిరాజు ఆఫీసు చూసుకుంటాడు, బౌది సంతకం పెడితే చాలు’ అన్నాడు. ‘మా ఆయనకి గొంతొచ్చీసరికి డాకు డ్యూటీ ఉంటాది దాదా. కుర్సీలో నేనే కూకుంటాను. బెంగాలీ అచ్చరాలు డోర్కాసమ్మగారు నేర్పుతానంది’ అన్నాను. ‘ఠిక్ ఆఛే’ అన్నాడు. సరేనంటే సరే! ఇంకేటంటాడు?

ఇంకా మొకం అలాగే పెట్టినావు. కోపం మీటింగు మీద కాదులే. గది మీద. నాకు తెల్దేటి?

మావా, ఒక మాట సెప్తాను. ఎవులికీ సెప్పనేదు. పేటంతా ఇయాల నన్ను బుజానెత్తుకొని ‘కాసులమ్మ గది కాలదన్నీసింది, తల్లి!’ అంటంది. దీనికేటి ఆశ నేదనుకుంటన్నారు. నువ్వూ అలాగే అనుకుంటన్నావు గదా, నీ ఆశని నేను నవ్వుతూ పారేసినానని?

నామినేషనుకి ముందు హల్దార్ దాదా పెళ్ళాం నన్ను ఆ ప్రమోటరే ఏక్‌బాల్‌పూర్లో కట్టిన మేడకి అట్టుకెల్లింది. ‘మీకూ ఇలాంటిదే’ అని సూపించింది. వొంటింట్లో కుళాయి మావా! గోడకే, పొయ్యి పక్కనే. తిప్పినాను. నీళ్ళొచ్చినాయి. కట్టీసినాను. మళ్ళీ తిప్పినాను. ఆవిడ నవ్వుతాదేమోనని సిగ్గేసింది, అయినా ఆగనేదు. కిటికీలోంచి గాలి. బియ్యం డబ్బా ఏ మూలెట్టాలో, నీ మంచం ఎటేయాలో, అన్నీ ఆ నిలబడిన కాడే అనుకున్నాను. నీకంటే నాకే ఎక్కువ మావా ఆశ. ఆ తవిటమ్మ లేసి అడక్కపోతే ఆ నాలుగు మాటలూ సిలకలాగ సెప్పీసి దిగిపోదును. ఒట్టు.

ఇప్పటికీ ఆ మేడ పక్కనుంచి ఎల్తే తలెత్తి సూస్తాను.

అంతే. ఏటి సేస్తాం! గది పోనాది, బడి ఉండిపోనాది. రేపు తెల్లారీసరికి బిందట్టుకొని సందు కుళాయి కాడికే ఎల్లాల. ఎల్లి, ‘నేను కౌన్సిలర్ని, జరగండే’ అన్నాననుకో, తవిటమ్మ ఏటంటాది? ‘కౌన్సిలరమ్మవైతే ఎనకాల నిలబడు, ముందు మమ్మల్ని నీళ్ళు పట్టుకోనీ’ అంటాది. అంటాది మావా! ఓటేసింది గదా మరి, అనకేటి సేస్తాది?