గేటు రిజిస్టర్‌లో నాలుగూ నలభై

నా పేరు గేదెల ఝాన్సీ. భర్త పేరు ధనరాజ్. వయసు యాభై రెండు. కాపురం టెక్కలిలో. కోటబొమ్మాళికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్లుగా అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను.

ఈ రోజు 2025 మే 16, శుక్రవారం. నేను చెప్పేది నాకే వ్యతిరేకంగా వాడవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. అర్థమైందన్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. సోమవారం నాడు పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంటులో, తలుపులు వేసే ముందు లోపల ఎవరూ లేరని చూసుకోవలసింది వాచ్‌మన్ అప్పలసూరి అని చెప్పాను. ఆ మాట మీద అతన్ని పనిలోంచి తీసేసి కేసు పెట్టారు. ఆ మాట తప్పు. అది సరిదిద్దడానికి వచ్చాను.

నా పని ఇది. పదింటికి తలుపులు తీయిస్తాను. ముందు రోజు పేపర్లు లోపల పెట్టించి కొత్తవి బల్లల మీద వేయిస్తాను. తిరిగొచ్చిన పుస్తకాలను నంబరు ప్రకారం ర్యాకుల్లోకి పంపిస్తాను. పిల్లలు తీసిన పుస్తకం తీసిన చోట పెట్టరు, అవి సర్దించేసరికి సగం రోజు పోతుంది. వేసవి సెలవుల్లో ఐదింటికి మూసేస్తాం. వరండాలో వాచ్‌మన్ బల్ల మీద గేటు రిజిస్టరు ఉంటుంది. వచ్చినవాళ్లు పేరు, వచ్చిన టైము రాయాలి. వెళ్లేటప్పుడు వెళ్లిన టైము రాయాలి. వచ్చేటప్పుడు అందరూ రాస్తారు. వెళ్లేటప్పుడు సగం మంది రాయరు.

పన్నెండేళ్ల కిందట ఆడిట్‌కు వచ్చినాయన ఆ రిజిస్టరు తిరగేసి, లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రాలేదా ఏమిటని నవ్వుతూ అడిగి, అభ్యంతరం రాసి వెళ్లాడు. మెమో నాకు వచ్చింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ ఖాళీలు నేనే నింపుతున్నాను. అందరికీ ఒకే టైము వేస్తే బాగుండదని ఒకరికి 4.20, ఇంకొకరికి 4.35 వేస్తాను. పెన్ను కూడా మారుస్తాను. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు.

చనిపోయిన పొట్నూరు నగరేశ్వరరావు గారు మా విద్యార్థి కాదు. కోటబొమ్మాళిలో కిరాణా కొట్టు నడిపి, దాన్ని అల్లుడికి అప్పగించిన మనిషి. వయసు డెబ్బై ఒకటి. బయటి పాఠకులకిచ్చే కార్డు మీద రెండేళ్లుగా వస్తున్నారు. వాళ్ల తాతగారు నౌపడలో ఉప్పు వ్యాపారం చేశారట. ఆ సంగతులు పాత పేపర్లలో వెతికి నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. బైండు చేసిన పాత పేపర్లు వెనక గదిలో ఉంటాయి. దానికి ఇనుప తలుపు. ఎండకు కాగితం పాడవుతుందని కిటికీ మూసేయించాం. ఆ గది తాళం నా బాధ్యత. ఏప్రిల్‌లో ఒకసారి లోపల ఆయన ఫోను మోగితే గట్టిగా మందలించాను. మర్నాటి నుంచి ఫోను ఇంట్లో వదిలేసి వచ్చేవారు. “ఇంటికాడే ఎట్టీసేనమ్మా, ఇంక మీకు గోల నేదు” అని ఆయనే చెప్పారు.

మే 9, శుక్రవారం, ఆయన 10.25కి వచ్చారు. అది ఆయన రాసుకున్నదే. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. నాకు బస్సు తొందర. నాలుగున్నరకే రిజిస్టరు ముందేసుకుని ఖాళీలు నింపాను. ఆ రోజు పదకొండు ఖాళీలు. ఏడోది ఆయనది. 4.40 అని వేశాను. అప్పటికి 4.40 ఇంకా కాలేదు.

4.50కి అప్పలసూరి గంట కొట్టాడు. హాల్లో ఉన్న నలుగురు పిల్లలు లేచి వెళ్లారు. “అమ్మా, ఎనక గదిలోకెల్లి ఓపాలి సూసొత్తాను. పెద్దాయన ఉన్నాడో ఏటో” అన్నాడు అప్పలసూరి. నేను రిజిస్టరు మీద వేలు పెట్టి, “ఎల్లిపోయారు, నాలుగూ నలభైకే. నువ్వు లైట్లు ఆపు” అన్నాను. అప్పలసూరికి చదువు రాదు. వెళ్లి లైట్లు ఆపాడు. వెనక గదికి నేనే తాళం వేశాను. లోపలికి తొంగి చూడలేదు. పిలవలేదు.

5.10కి నగరేశ్వరరావు గారి అమ్మాయి అనూరాధ గారు స్కూటీ మీద వచ్చారు. నేను మెట్లు దిగుతున్నాను. నాన్నగారిని తీసుకెళ్లడానికి వచ్చానన్నారు. రిజిస్టరు తీసి చూపించాను. ఆవిడ ఆ అంకె చూసి, “నాలుగున్నర కాడినుంచి నేను పెద్ద గేటు దగ్గరే ఉన్నానండి. మా నాన్నగారు ఇటు రానేలేదండి” అన్నారు. వెనక దారిన వెళ్లి ఉంటారన్నాను. “ఓసారి తలుపు తీసి సూద్దామండి” అన్నారు. తాళాలు ఆఫీసులో అప్పగించేశాం, సోమవారం దాకా ఇవ్వరు అన్నాను. ఆవిడ వెనక దారిన వెతకడానికి వెళ్లారు. నేను బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది.

శనివారం 11.15కి పోలీస్ స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. రిజిస్టరు ప్రకారం 4.40కి వెళ్లిపోయారని చెప్పాను. వాళ్లు బస్టాండులో వెతికారు. నౌపడ జంక్షన్‌లో వెతికారు. నేను ఆ పూట చారు పెట్టాను, అప్పడాలు వేయించాను.

సోమవారం 10.05కి ఆ తలుపు నేనే తీశాను. ఆయన తలుపుకు మూరెడు దూరంలో ఉన్నారు. స్టూలు చివరి వరసలో పడి ఉంది. అక్కడి నుంచి తలుపు దాకా నేల మీద దుమ్ము చెరిగిపోయి ఉంది. ఆయనతో పాటు కింద పడిన సంపుటాలు మూడు. ఆ మూడింటినీ గోడవారగా ఏడాది వరసలో పేర్చి పెట్టారు. 1961, 1962, 1963. తుంటి విరిగిందని, కొంతసేపు స్పృహ లేకపోయి ఉంటుందని, శనివారం సాయంత్రం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు గారు రాశారు. 1961, 1962, 1963. వరస తప్పలేదు.

బుధవారం అప్పలసూరి భార్య అసిరమ్మ టెక్కలి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే కూర్చుంది. “అమ్మా, మా మావకి అచ్చరం ముక్క రాదు. ఆ పుస్తకంలో ఏటి రాసున్నాదో ఆడికేటి తెలుస్తాది? పెద్దాయన ఎల్లిపోయారని మీరంటే ఎల్లిపోయారనుకున్నాడు. అదే సెప్పండమ్మా, ఇంకేటీ వొద్దు” అంది. మంచినీళ్లిచ్చాను. తాగి వెళ్లిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

శుక్రవారం అనూరాధ గారు తలుపు తీయమన్నప్పుడు తాళంచెవి ఎక్కడుందని మేజిస్ట్రేటు గారు అడిగారు. నా హ్యాండుబ్యాగులో ఉంది. ఆఫీసులో ఇవ్వలేదు. 4.40 అని రాసింది నేనేనని ఆ క్షణంలో గుర్తుందా అని అడిగారు. గుర్తుంది. ఆవిడ గేటు దగ్గరే ఉన్నానన్నప్పుడే ఆయన లోపల ఉండి ఉంటారని నాకు అనిపించింది. తలుపు తీశాక ఆయన లేకపోతే నాకేమీ కాదు. ఉంటే మాత్రం ఆ అంకె దొంగదని ఆవిడ ముందు, అప్పలసూరి ముందు తేలిపోతుంది. ఆయన ఉంటారేమోననే నేను తలుపు తీయలేదు.

ఇది నేను నా నోటితో చెప్పినది. రాసిన కాగితాలు మూడూ నేనే చదువుకున్నాను. కలిపింది లేదు, దాచింది లేదు. అంతా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) గేదెల ఝాన్సీ