తోలు చదివిన డబ్బా

"సూదికి భయపడి రేపు దవాఖానాకు రానంటున్నవా, కొండమ్మా?" అన్నాడు చాయ్ కొట్టు బల్ల మీద కూర్చున్న రూప్‌సింగ్. "నీకు పరీక్ష చేసే ఆ డబ్బాకు సూదే లేదు చెల్లె. చాయ్ పొయ్యి, చెప్త. నువ్వు రెండు చేతుల్తోని గిన్నె లేపుతుంటే మా జమ్లి కష్టమే యాదికొస్తున్నది. దానికి గూడ గిట్లనే కీళ్లు ఉబ్బి, పొద్దుగాల జడ గూడ అల్లుకోరాకపోయేది.

మూడేండ్ల కింది మాట. ఆ రోజులే వేరు. చర్ల రోడ్డు మీద నా జీపు పోతుంటే ఇప్పపూల వాసనకు ఇంజనే తూలేది. జనం టాపు మీద కూసోని పాటలు పాడేటోళ్లు. ఆ జీపూ పాయె, ఆ పాటలూ పాయె. పట్నం డాక్టర్లు డబ్బాను మణుగూరుకు తెచ్చింది గూడ నా జీపులనే.

ఏండ్లకేండ్లు కీళ్ల వాపుంటే, ఇంజన్ల మడ్డి పట్టినట్టు, ఒంటికి చేటు చేసేదేదో తోలుల పేరుకుంటదట. డబ్బా మీద చేయి ఆనిస్తే, లైటు కొట్టి అదెంతున్నదో చెప్తది. ముందుగాల ఎవరు పెడతరంటే అందరు ఎనక్కి జరిగిన్రు. నేను చేయి చాపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు పక్క బల్ల మీది సీతయ్య.

"మడ్డి సంగతి పక్కకు పెట్టు, పొద్దుగాల నేను తిన్న జొన్నరొట్టెల ఉప్పు తక్కువని చెప్పింది. మా నాయన చిన్నప్పుడు ఎవరి చేన్ల కంకులు ఇరిచిండో పేరు పెట్టి చెప్పింది. గింతల నా చేతి మీది పచ్చబొట్టు తేలు, లైటు వేడికి కొండి లేపి, నడుసుకుంట డబ్బాలకు దూరింది. డాక్టర్లు బల్లలెక్కిన్రు. నేను ఈల ఏసిన. నా తేలుతో పాటు అడివిల ఉన్న తేళ్లన్ని వచ్చి లైను కట్టి, పరీక్ష చేయించుకొని పోయినయ్."

"తేళ్లకు కీళ్లనొప్పులేందే?"

"గన్ని కాళ్లుంటే గన్ని కీళ్లుండవా, సీతయ్యా?"

అందరూ నవ్వారు, కొండమ్మ తప్ప. ఆమె చాయ్ వడబోయడం ఆపేసింది.

"నేను రానన్నా. నా కడుపుల ఉన్నయన్ని అది నలుగుట్ల చెప్తే ఎట్ల?"

అప్పటిదాకా చాయ్ ఊదుకుంటూ కూర్చున్న రూప్‌సింగ్ భార్య జమ్లి గ్లాసు కింద పెట్టి, గాజులు పైకి జరిపింది. ముంజేతి మీద ఆకుపచ్చటి తేలు ఉంది.

"తేలు నాది. డబ్బా మీద చేయి పెట్టింది గూడ నేనే. పచ్చబొట్టు మీద లెక్క సరిగ రాదు, రెండో చేయి పెట్టమ్మా అన్నది డాక్టరమ్మ. ఆ చేయి ఈయన పట్టుకొని, కండ్లు గట్టిగ మూసుకొని కూసున్నడు. ఎంతకీ ఇడువడు. జబ్బు ఎవరికమ్మా అని అడిగింది. ఇద్దరం కలిసి ఈయన వేళ్లు ఊడదీసినం. నొప్పి లేదు కొండమ్మా. ఒక నంబరొచ్చింది, గంతే."

రూప్‌సింగ్ తల వంచుకుని ఖాళీ గ్లాసునే తాగుతున్నాడు. కొండమ్మ ఆ గ్లాసు తీసుకుని మళ్లీ నింపింది.

"రేపు నేనొస్త జమ్లీ. నా చేయి నువ్వు పట్టుకో. అన్నను మాత్రం వాకిట్లనే కూసోబెట్టు."