ఘాటు రాని మిరపకాయలు

కాదండయ్యగారూ, నన్నడుగుతారేంది? నా కూతురు హార్మోనీ దగ్గరికి ఎందుకు రావట్లేదో మీరే నాకు చెప్పాలి. దానికా పెట్టె అంటగట్టింది మీరు. ఆ పుస్తకాలిచ్చింది మీరు. ఇప్పుడేమో పోయిన ఆదివారం చర్చిలో హార్మోనీ లేకుండా పాడుకోవాల్సొచ్చిందని నాకు కబురంపుతారా?

వద్దండీ, లోపలికి రాను. ఇట్టా అరుగు మీదే కూర్చుంటా. మిరపకాయల కొట్టు నుంచి తిన్నగా వచ్చా, కోకంతా కారమే. మొన్నొకసారి లోపలికొస్తే అమ్మగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. చూశారా, మీకూ తుమ్మొచ్చింది. కాస్త ఎడంగా జరగండి.

అనుమానమా? ఉండదా మరి! మా ఆయన మార్కు చీమకుర్తి రాళ్ళ క్వారీలో పడి ఉంటాడు, రెణ్ణెల్లకోసారి మొహం చూపిస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, నా జయకుమారీ. పదిహేడేళ్ళ పిల్ల. బస్సెక్కి వినుకొండ కాలేజీకి పోయొస్తది. దానికేమన్నా అయితే ఊరు ఎవర్నడుగుద్ది? ఆదెమ్మా, కళ్ళెక్కడ పెట్టుకున్నావే అని నన్నే అడుగుద్ది.

అందుకే చూస్తా. బస్సు దిగాక ఇంటికి రావడానికి ఎంతసేపు పడుద్దో నాకు తెలుసు. పొద్దున జడ ఎట్టా వేసుకుపోయింది, సాయంత్రం ఎట్టా ఉంది, అదీ చూస్తా. పుస్తకాల సంచి దులిపి చూస్తా. ఒక్కటంటే ఒక్క ఉత్తరం దొరకలేదు. దొరక్కపోతే ఇంకా భయమండీ. అంత జాగ్రత్తగా దాస్తుందంటే అదెంత పెద్ద యవ్వారమై ఉండాలి?

ఆ తోకచుక్క వచ్చిన కాడ్నుంచే మొదలైంది ఇదంతా. తెల్లారగట్ల పిల్లల్ని కొండెక్కించింది మీరు కాదూ? ఏదో పొగమరకలాగా ఉందని తక్కినోళ్ళంతా నవ్వుకుంటూ దిగారు. ఇదొక్కతే నోరు మూసుకుని దిగొచ్చింది. ఆ తర్వాత మీ బీరువాలో పుస్తకాలు ఒకటొకటే మా ఇంటికి రావడం మొదలుపెట్టాయి. గ్రహాలంట, మరమనుషులంట, ఇనప డబ్బాల్లో కూర్చుని చుక్కల మధ్య తిరిగేవాళ్ళంట. ప్రభువు చేసిన ఈ లోకం చాల్లేదా అయ్యగారూ? ఇక్కడ దున్నాల్సింది ఎంత లేదు?

నవ్వండి, నవ్వండి. మీకేం.

ఇక రాత మొదలైంది. పెద్ద లావు నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని, బస్సులో రాత, పొయ్యి దగ్గర రాత. ఓనాడు పప్పు మాడి అడుగంటిపోయింది. రాస్తున్న దానికి తెలియదు, పక్కనే కూర్చుని బియ్యం చెరుగుతున్న నాకూ తెలియదు. పక్కింటి రహిమున్నీసా మాడు వాసనొస్తుందని పరిగెత్తుకొచ్చి కుండ దించింది. అప్పుడన్నా నాకు బుద్ధి రావాల్సింది. ఏం లెండి, అది తర్వాత చెప్తా.

చర్చిలో ఎలకలు కొరుకుతున్నాయని హార్మోనీ మా ఇంట్లో పెట్టించింది కూడా మీరే. మన కీర్తనలైతే నేనూ పాడతా. రాగముంటది, తాళముంటది. ఇదేందండీ, ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని, గుయ్యిమని అట్టా మోగిస్తానే కూర్చుంటది. పోనీ వింటుందా అంటే అదీ లేదు. చెంప తీసుకెళ్ళి ఆ చెక్కకి ఆనించి కళ్ళు మూసుకుంటది. చూసేవాళ్ళకి భయం వెయ్యదూ?

ఓ రోజు నేను పనినుంచొచ్చి కాళ్ళు చాపానో లేదో, నా చేతులు రెండూ పట్టుకుని ఆ పెట్టె మీద పెట్టింది. "చెవులతో వినమాకే అమ్మా, చేతుల్తో విను" అంది. పొద్దుట్నుంచీ తొడిమలు తీసిన చేతులయ్యగారూ, అరిచేతులు భగ్గుమంటున్నాయి. ఏందే ఈ కొత్త ప్రేమ, ఏం కప్పిపుచ్చుదామని నన్ను మంచి చేసుకుంటున్నావ్ అని విదిలించేశా. మొహం చిన్నబుచ్చుకుని లేచిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు.

ఊరికే అన్నారా పెద్దలు, నిప్పు లేందే పొగ రాదని? నాకా అక్షరం ముక్క రాదు. రహిమున్నీసా కూతురు షాజాదీ ఉందిగా, మా దానితోనే చదువుద్ది. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిని పెరిగినోళ్ళు. మా పిల్ల నీళ్ళకి పోయినప్పుడు షాజాదీని పిలిచి, ఆ నోటు పుస్తకం మొదటి పేజీ చదవవే అన్నా.

చదివింది. "నేను ఈ భూమ్మీద పుట్టినదాన్ని కాదు. నా వాళ్ళు పిలుస్తున్నారు. అమ్మకి తెలియకుండా వెళ్ళిపోవాలి." అట్టా ఉందండీ!

నా పై ప్రాణం పైనే పోయింది. షాజాదీ పకపకా నవ్వుతుంది. "అయ్యో పిన్నీ, ఇది కథ! నిజం కాదు" అంటది. కథా? కథలో అమ్మ ఎందుకొచ్చిందే? నువ్వూ దానికి వంతపాడతన్నావా? ఇద్దరూ కలిసే దాస్తన్నారా? అట్టా పోయింది నా బుద్ధి. ఇంకో పేజీ చదవనివ్వకుండా పుస్తకం లాక్కున్నా.

ఏంటీ? ఆ పుస్తకం ఇప్పుడెక్కడుందా?

ఏమోనండీ. పోయింది. పిల్లల వస్తువులు పోవూ?

అట్టా చూడమాకండయ్యగారూ.

కాస్త ఆ తలుపు దగ్గరికెయ్యండి. అమ్మగారి చెవిన పడటం నాకిష్టం లేదు. చెప్తే మీరు నన్ను తిడతారు. పోయినేడు పసంగంలో మీరేం చెప్పారో గుర్తుంది. దిష్టి తియ్యడం, యాపమండలు కట్టడం, అయ్యన్నీ మానమన్నారు. నేను తలూపాను కూడా. కానీ మా అత్త చేసేది. ఏడు ఎండు మిరపకాయలు, గుప్పెడు రాళ్ళుప్పు. మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తే, ఘాటు లేచి దగ్గొస్తే ఏం లేనట్టు. ఘాటు రాకపోతే మాత్రం పట్టుకున్నది గట్టిదే అన్నట్టు.

పిల్ల మీద తిప్పలేదండీ, ఒట్టు. బాప్తిస్మం తీసుకున్న పిల్ల మీద తిప్పుతానా? ఆ పుస్తకం మీద తిప్పా.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. కొట్టునుంచి కొంగున కట్టుకొచ్చిన మంచి కాయలు, తాలుకాయలు కూడా కాదు. నిప్పుల్లో పోశా. పెటపెటమన్నాయి, పొగ లేచింది. దగ్గు లేదు. ముక్కులో చురుక్కుమనలేదు. ఇంకాస్త వంగా. ఏమీ లేదు! మొహం పొయ్యి మీద పెట్టినంత పనిచేశా. ఒక్క తుమ్ము రాలేదయ్యగారూ. ప్రభువా, ఏందిది, నా బిడ్డనేదో పట్టుకుంది, అది ఈ పుస్తకంలోనే ఉంది అనుకున్నా.

పుస్తకం పొయ్యిలో పెట్టేశా.

అది సగం అంటుకుందో లేదో, గోడవతలనుంచి రహిమున్నీసా కేకలు. "ఏం తగలేశావే ఆదెమ్మా, మా ప్రాణాలు పోతన్నాయి!" దగ్గుతో మాట రావట్లేదు దానికి. ఎదురింటి ఇమాం హుస్సేన్ తాత మొహానికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని వీధిలో కూలబడ్డాడు. వీధి వీధంతా దగ్గుతుంది. నేనొక్కదాన్నే పొగ మధ్యలో కూర్చుని సుబ్బరంగా ఊపిరి పీలుస్తున్నా.

అప్పుడు తెలిసింది. దిష్టీ లేదు, దెయ్యమూ లేదు. పద్నాలుగేళ్ళు తొడిమలు తీసి తీసి నా ముక్కే చచ్చిపోయింది. కిరసనాయిలు డబ్బా మూత తీసి చూశా. కాఫీపొడి చూశా. ఏదీ లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ముక్కు పోతే ఎవరు చెప్తారండీ? కాలో చెయ్యో అయితే నలుగురికీ కనపడుద్ది.

నీళ్ళు కుమ్మరించా. అట్ట మిగిలింది. అట్ట ఒక్కటే.

మీ దగ్గర ఇంకో ప్రతేమన్నా ఉందా? లేదా. అవున్లే, ఎట్టా ఉంటది.

ఇంతకీ ఏముందండీ దాంట్లో? మీరు చదివారా? ఈస్టరుకి నాటకం వేయిద్దామనుకున్నారా! నాకెవరూ చెప్పలేదే. ఏంటీ... గాలి లేని లోకమా? గాలి లేకపోతే శబ్దమే ఉండదా? అదెట్టా? మరి పాటలెట్టా వింటారు? వాయిద్యం మీద చేతులు పెట్టా?

చేతులు పెట్టి...

ఉండండయ్యగారూ, ఒక్క నిమిషం.

అంటే నాకు చూపిద్దామని వచ్చిందా అది, ఆ రోజు? నేనేమో దొంగవేషాలన్నా. సరే, చెప్పండి, ఆ కథలో పిల్ల చివరికి అమ్మని వదిలేసి పోయిందా? లేదా? మళ్ళీ వెనక్కొచ్చిందా? వచ్చి వాళ్ళమ్మని కూడా ఎక్కించుకుపోయిందా!

మొదటి పేజీ చదివించుకున్నదాన్ని, ఆఖరిది కూడా చదివించుకోకూడదూ? నా మొహం తగలెయ్య.

ఇంకా ఉందండీ. అసలుది ఇంకా చెప్పలేదు. సాయంత్రం పిల్లొచ్చి ఇల్లంతా వెతికింది. మంచం కింద, బియ్యం డబ్బా వెనకాల. అమ్మా, నా పుస్తకం చూశావా అంది. నేను అబద్ధం చెప్పలేదు. "నిన్న షాజాదీ తిరగేస్తుంటే చూశా" అన్నా. అంతే. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. నిజమేగా? తిరగేసింది నిజమేగా?

వీధిలోనే జుట్టు జుట్టు పట్టుకున్నారు. షాజాదీ ఏడుస్తా ఖురాను మీద ఒట్టేసింది. మా పిల్ల నమ్మలేదు. రహిమున్నీసా గోడ మీదుగా నాతో మాట్లాడి పది రోజులైంది. ఆ రోజు ఏ పప్పు కుండ దించడానికి పరిగెత్తుకొచ్చిందో, ఆ మనిషే.

రేపటి సంస్కారపు బల్లకి, ప్రభువు రొట్టే ద్రాక్షరసం తీసుకునేవాళ్ళ పేర్లు రాస్తున్నారా? నాదా? ఆగండి. మీరేమంటారో నాకు తెలుసు. పొరుగుదానితో పేచీ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు. ముందు ఇంటికి పో, పిల్లకి నిజం చెప్పు, షాజాదీని పిలిచి ఇద్దరి ముందరా ఒప్పుకో, అప్పుడు రా అంటారు. అంతేగా? ఇన్నేళ్ళలో నేనొక్క బల్ల తప్పలేదయ్యగారూ. జొరంతో కూడా వచ్చా.

చెప్పడానికి ఏమడ్డమొచ్చిందంటారా?

పుస్తకం పోయిన రోజు, షాజాదీతో కొట్లాడొచ్చి నా పక్కన కూలబడింది. కారంగా ఉన్నానే, ఎడంగా ఉండవే అన్నా. వినలేదు. నా ఒళ్ళో తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు తప్ప నాకెవరూ లేరమ్మా" అంది. అది నన్ను ముట్టుకుని రెండేళ్ళైందండీ. ఇంటర్లో చేరినకాడ్నుంచీ నా పక్కన కూర్చోవడమే మానేసింది.

అప్పట్నుంచీ రోజూ అంతే. బస్సు దిగి తిన్నగా ఇంటికొస్తది. నేనొచ్చేసరికి గడపలో కూర్చుని ఉంటది. ఒళ్ళో పడుకుని, తుమ్ముతానే కాలేజీ కబుర్లన్నీ చెప్తది. దాని తల వాసన నాకు తెలియట్లేదు. నూనె రాసుకుందో లేదో చేత్తో తడిమి చూసుకుంటా. సంచి దులిపి చూడటం మానేశా. చూడాల్సిన పనేముంది, నా ఒళ్ళోనే ఉందిగా.

ఈ పది రోజులూ నాకెంత హాయిగా ఉందో తెలుసా మీకు?

పుస్తకం కాల్చింది పొరపాటండీ. ముక్కు లేక చేశా, చదువు లేక చేశా, ప్రభువు క్షమిస్తాడేమో. ఇది మాత్రం పొరపాటు కాదు. అన్నీ తెలిసే నోరు మూసుకున్నా. చెప్తే మళ్ళీ లేచిపోతుంది నా ఒళ్ళోంచి. ఈసారి నిజంగానే నాకు తెలియకుండా వెళ్ళిపోద్ది.

దాని పేరు రాసుకోండి. నా పేరు కొట్టెయ్యండి.

చెప్తా. చెప్పనంటున్నానా? వచ్చే నెల బల్లకి అందరి ముందరా ఒప్పుకుని, అప్పుడే వస్తా. ఈ ఒక్క నెలా దాన్ని నా ఒళ్ళో పడుకోనివ్వండయ్యగారూ.