ఆ ‘ధబ్’ కోసం

కాదండీ మేస్త్రిగారూ, ఇది కాదు. మీరు తీగ ఎంత బిగించినా, ఎంత వదులు చేసినా ఇది కాదు. అలా చూడకండి నన్ను. చాదస్తం అనుకుంటున్నారని తెలుసు. అనుకోండి.

ఇప్పుడు వాయిస్తాను, వినండి. ఏం వినిపించింది? ‘డుం’ అంటోంది. చక్కగా, గుండ్రంగా, బుద్ధిగా ‘డుం’ అంటోంది. నా పాత బేస్ గిటార్ అలా అనేది కాదు. ‘ధబ్’ అనేది. ముందొక మొద్దు దెబ్బ, దాని వెనకాల స్వరం. ఎవరో తలుపు తోసుకుని లోపలికొచ్చి, ఆ తర్వాత పలకరించినట్టు.

ఆ తలుపు తోసే చప్పుడు కావాలి నాకు. స్వరమంటారా, ఏ గిటారైనా ఇస్తుంది.

మీరు చెయ్యనిదేముంది, కాదనను. ఫోటో చూసి అచ్చం అలాంటి గిటారే వెతికి పట్టుకొచ్చారు. కొత్త తీగలు మరీ గలగలమంటున్నాయంటే, ఎవరో వాడి పారేసినవి తెచ్చి వేశారు. తీగల కింద స్పాంజి ముక్క దూర్చారు. తీగల చప్పుడు పట్టే ఆ పికప్పు విప్పి పక్కకి జరిపారు. ఇంట్లో నేను మాత్రం ఊరికే కూర్చున్నానా? గోళ్లు తీసేసి వాయించాను, బొటనవేలితో వాయించాను, యాంపు గోడకి ఆనించి వాయించాను. పక్కవాటా ఆవిడ వచ్చి, గోడకి మేకులేమన్నా కొడుతున్నారా అని అడిగి వెళ్లింది.

పాత రికార్డింగు వినిపించాను కదా మీకు. అందులో ఆ ‘ధబ్’ ఉందా, లేదా? ఉందని మీరే అన్నారు. మరి? నా చెవులు పాడైపోయాయనడానికి వీల్లేదు.

మా బ్యాండులో పాడే ఆవిడ నిన్న మళ్లీ ఫోన్ చేసింది. కొత్త డ్రమ్మర్ దొరికాడట. ఈ వారం వస్తే సరే, లేకపోతే బేస్‌కి కూడా ఇంకొకర్ని చూసుకుంటామంది. తప్పేముంది, ఎన్నాళ్లని ఆగుతారు పాపం. గిటార్ కుదరనివ్వమ్మా వస్తానన్నాను. ఎప్పుడూ ఇదే మాట చెప్తున్నాను. కానీ నిజంగానే చెప్తున్నానండీ, ఇది కుదరకపోతే నేనింక వెళ్లను. ఇంట్లో కూర్చుంటాను, అంతే.

ఏంటి? అంత పెద్ద గిటార్ పెట్టెని బస్సులో ఎలా మర్చిపోయానా?

అందరూ అడిగేదే. నవ్వుతారు కూడా. మీరూ నవ్వండి, పర్లేదు.

మాకో డ్రమ్మర్ ఉండేవాడు. పొడుగాడు అనేవాళ్లం. నాకూ వాడికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, నన్ను బావా అనేవాడు. ఆ వరసన వాళ్లావిడకి నేను అన్నయ్యనయ్యాను. మీసాలు సరిగ్గా రాని వయసు నుంచీ వాడి ఎడంపక్క నిలబడే వాయించాను. బస్సెక్కితే నా పెట్టె పైన అరలో పెట్టేది వాడే, దింపేదీ వాడే. నాకు అందదు. నేను ముందు దిగి, కింద నిలబడి చేతులు చాపేవాణ్ణి. వాడు మెట్టు మీంచి అందిస్తూ, ‘పట్టుకో బావా, నీ పెళ్లాం’ అనేవాడు. నాకు పెళ్లి కాలేదులెండి. అదో పరాచికం.

వాడు పోయాడు. గుండె. నిద్రలోనే.

ఆ తర్వాత మొదటిసారి ఒక్కణ్ణే ప్రయాణం చేశాను. పెట్టె ఎవరో పుణ్యాత్ముడు పైన పెట్టాడు. మా స్టాపు వచ్చింది. దిగాను. దిగి, ఎప్పట్లాగే కింద నిలబడి చేతులు చాపాను. బస్సు కదిలి వెళ్లిపోయేదాకా అలాగే నిలబడి ఉన్నానండీ.

దాన్ని మతిమరుపంటారా? సరే, అలాగే అనండి.

పోనివ్వండి. ఇంకోసారి వాయిస్తాను, మీరు చెప్పినట్టే చెయ్యి కాస్త పైకి జరిపి. రికార్డింగులో ఆ పాటే, మొదటి చరణం.

ఆగండి.

ఏం చేశారు మీరు? ఇప్పుడు వచ్చింది. ముట్టుకోలేదా? నేనూ ఏం మార్చలేదే. ఉండండి, మళ్లీ వాయిస్తా... లేదు. ఇందాక ఉంది, ఇప్పుడు లేదు.

మీ కాలు. కాదు, తియ్యకండి, అక్కడే ఉంచండి. మీ కాళ్ల కింద ఆ ఖాళీ స్పీకర్ పెట్టె ఉంది చూశారా, నా పాటకి తాళంగా దాని మీద మడమ వేస్తున్నారు ఇందాక. మొహమాటపడకండి, వెయ్యండి. సరిగ్గా నా వేలు పడ్డప్పుడే పడాలి.

అదే. అదేనండీ.

అది నా గిటార్ కాదు. వాడి కాలు. పెద్ద డ్రమ్ము కాలితోనే కదా కొడతారు, ఆ దెబ్బ. నా వేలూ వాడి కాలూ ఎప్పుడూ ఒక్కసారే పడేవి, వెంట్రుకవాసి తేడా లేకుండా. విడివిడిగా నేనెప్పుడు విన్నాను గనక? సాధన కూడా వాడి షెడ్డులోనే. ఇంటికొస్తే పెట్టె మూత తీసేవాణ్ణే కాదు. మీరూ నాలాగే తీగల మనిషి. రికార్డింగులో ఇద్దరం తీగలే వెతికాం.

జనం వచ్చి, మీ గిటార్ ఏం పలుకుతోందండీ అంటే కాలర్ ఎగరేసేవాణ్ణి. వాడు స్టూలు మీద కూర్చుని నవ్వేవాడు. వాడికి తెలిసే ఉంటుంది. ఒక్కనాడన్నా చెప్పలేదు వెధవ.

ఒక మాట చెప్తాను, మీలోనే ఉంచుకోండి. వాడు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే కుర్చీలు సర్దాను, వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చాను. వాళ్లావిడ నా మొహంలోకి చూసి, ‘నువ్వు చాలా గట్టివాడివి అన్నయ్యా’ అంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. గిటార్ పోయిన రోజేమో, బస్టాండులో పోయిన సామాన్ల గుమాస్తా ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కంగారుపడి టీ తెప్పించాడు. చెక్కముక్క కోసం అంత ఏడ్చాను, మనిషి కోసం ఏడవలేదు, ఛీ, నాదీ ఒక బతుకేనా అని అప్పట్నుంచీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎవరి కోసం ఏడ్చానో ఇప్పుడు తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం?

మీరు కాలు తీసెయ్యండి, నొప్పెడుతుంది. ఆ స్పాంజి లాగేసి, మంచి తీగలు వేసి ఇవ్వండి. గిటార్‌లో ఏ లోపమూ లేదు. ఆవిడకి ఫోన్ చేసి వస్తానని చెప్తాను. ఇంక సాకేం మిగిలింది? ఆ కొత్త కుర్రాడి కాలు నా వేలికి ముందో వెనకో పడుతుంది. పడనివ్వండి.

ఇన్నేళ్లూ ఎంతో అనుకున్నాను గానీ, విడిగా వింటే నేను ఇంతేనండీ. డుం.